ట్రేలో మొదటి పట్టీ

మేడమ్ పోయారన్న ఫోను వచ్చినప్పుడు పరీక్ష పట్టీలు వేడినీళ్లలో ఉన్నాయి. సత్తుపల్లి నుంచి ఆమె తమ్ముడు చేశారు. “అక్క పొద్దున లేవలేదమ్మా. నిద్రలోనే పోయింది. గుండె అన్నాడు డాక్టరు,” అని ఆగిపోయారు. వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపిస్తోంది. నేను “సరేనండీ” అన్నాను. చావు కబురుకు ఎవరైనా సరే అంటారా? నోటికి అదే వచ్చింది. ఫోను బల్ల మీద బోర్లించి, నీళ్ల తొట్టి మీద వెలుగుతున్న అంకెలు చూశాను. సరిగ్గానే ఉన్నాయి. నమ్మకం చాలక మళ్లీ చూశాను.

ఏడుపు రాలేదు. భయం వేసింది. తలుపు అవతల వరండాలో జూలూరుపాడు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మూడో నెల దాటింది. ఆమె కడుపులో బిడ్డ సంగతి నా ముందున్న తొట్టిలో తేలుతోంది. పట్టీల కడుగు మధ్యలో కుర్చీలోంచి లేవకూడదని మాకు నేర్పింది మేడమే. “ఇల్లు అంటుకున్నా కడుగు అయ్యాకే లేవాలి,” అనేవారు. నిజానికి ఎక్కడైనా పొగ వాసన వస్తే అందరికన్నా ముందు వీధిలోకి పరుగెత్తేది ఆవిడే. అయినా ఆ మాట గుర్తొచ్చి నేను లేవలేదు. ఆ కుర్చీలో కూర్చున్న ఆ కాసేపూ నాకు ఏమేం గుర్తొచ్చాయో అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. ఖమ్మంలో మాది చిన్న ల్యాబు. తలసీమియా, సికిల్ సెల్ అని రెండు రక్తపు జబ్బులున్నాయి. తల్లీతండ్రీ ఇద్దరూ ఆ జబ్బును తెలియకుండా మోస్తూ ఉంటే, పుట్టబోయే బిడ్డకు అది పూర్తిగా రావచ్చు, సగం రావచ్చు, అసలు రాకపోవచ్చు. అది పుట్టకముందే చూసి చెప్పడం మా పని. కడుపులో మావి నుంచి డాక్టరమ్మ సూదితో తీసిన చిన్న ముక్క మా దగ్గరికి ఐసుపెట్టెలో వస్తుంది. అందులోంచి డీఎన్ఏ తీసి, మాకు కావలసిన భాగాన్ని పెంచి, వేడి చేస్తే రెండు పేటల దారం విడిపోయినట్టు విడిపోతుంది. దాన్ని ఒక సన్నటి తెల్ల పట్టీ మీద పోస్తాం. పట్టీ మీద కంటికి కనిపించకుండా రెండు చోట్ల ముందే పోగులు అతికించి ఉంటాయి. ఒకటి మంచి జన్యువుకు జోడీ, ఇంకొకటి చెడ్డదానికి జోడీ. విడిపోయిన పేట తన జోడీని వెతుక్కుని అక్కడ పట్టుకుంటుంది. తర్వాత తప్పుగా పట్టుకున్నవి ఊడిపోయేలా సరిగ్గా కొలిచిన వేడినీళ్లతో కడిగి రంగు పోస్తే, పట్టుకున్న చోట నీలం చుక్క లేస్తుంది.

మంచి చుక్క ఒక్కటే లేస్తే ఏ భయమూ లేదు. రెండు చుక్కలూ లేస్తే ఆ బిడ్డ జబ్బును మోస్తుంది గానీ జబ్బు మనిషి కాదు, నాలాగే బతుకుతుంది. చెడ్డ చుక్క ఒక్కటే లేస్తే ఆ బిడ్డ జీవితాంతం ఎవరిదో రక్తం ఎక్కించుకుంటూ బతకాలి. మా పెద్ద కూతురు అలాగే బతుకుతోంది. అందుకే నాకు ఈ ల్యాబు తెలిసింది, మేడమ్ తెలిశారు.

పెద్దదాన్ని చంకనేసుకుని దవాఖానాకు తిరిగే రోజుల్లో మేడమ్ నన్ను మొదట చూశారు. రక్తం ఎక్కించే గదిలో తల్లుల రక్తం కూడా తీసుకుని పరీక్ష చేయడానికి వచ్చారు. సన్నగా, పొట్టిగా, నూలు చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, మెడలో కళ్లజోడు తాడుతో ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని సూది పెట్టబోతూ, గోడ మీద బల్లిని చూసి కెవ్వుమన్నారు. నాకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. “నవ్వు తల్లీ, నవ్వు. బల్లికి భయపడేదాన్ని నాకు సూది ఇచ్చారు చూడు,” అన్నారు. నేను ఇంటర్ చదివి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు మధ్యలో ఆపేశానని తెలిసి, పూర్తి చెయ్యమని వెంటపడ్డారు. పూర్తయ్యాక తన దగ్గరే పెట్టుకున్నారు.

అంత పిరికి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. పిరికి అన్నానని చదివేవాళ్లు నొచ్చుకోకండి, ఆమె తనను తాను అలాగే చెప్పుకునేవారు. ఉరుము ఉరిమితే కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకునేవారు. సత్తుపల్లి రోడ్డు మీద బొగ్గు లారీ ఎదురొస్తే కళ్లు మూసుకునేవారు. తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు గనుల్లో పేలుడు చప్పుడుకి గిన్నెలు కదిలితే, పక్కింటివాళ్లు హాయిగా టీ తాగుతుంటే, ఈవిడ వీధి గుమ్మంలో నిలబడి ఉండేవారట. కానీ ల్యాబు బల్ల ముందు కూర్చుంటే ఆ చేతులు వేరు. పిప్పెట్ పట్టుకున్న వేళ్లు కాస్త కూడా వణికేవి కావు. ఒకసారి ఆ సంగతే అడిగాను.

“నాకు భయం లేదనుకున్నావా? మీ అందరికన్నా నాకే ఎక్కువ. భయపడు, ఎంతైనా భయపడు. చేతులకి మాత్రం తెలియనివ్వకు,” అన్నారు.

ఇంకో మాట కూడా అనేవారు. రంగు పోసి పట్టీ మీదికి అందరం వంగి చూస్తుంటే వెనక నుంచి భుజం మీద తట్టి, “తొందర ఉన్నోళ్లకి చుక్క ముందే కనపడుద్ది. వెనక్కి జరగండి,” అనేవారు. అది నిజం. మనసులో ఏదుంటే కంటికి అదే కనిపిస్తుంది. అందుకే మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ఇంటి నమూనా వాళ్లు ముట్టకూడదు. తన బంధువులది వస్తే మేడమ్ కూడా గదిలోంచి బయటికి వెళ్లిపోయేవారు.

ఇంక ఆ మొదటి పట్టీ సంగతి. ప్రతి ట్రేలో బిడ్డల పట్టీలకు ముందు ఒక పట్టీ పెడతాం. దాని జవాబు మాకు ముందే తెలిసి ఉండాలి. అది సరిగ్గా వస్తేనే మిగతావి నమ్ముతాం. అది తప్పితే ట్రే మొత్తం పారబోయాల్సిందే. చాలా చోట్ల పాత రోగుల నమూనాల్లోంచి ఒకటి తీసి పెడతారు. మేడమ్ తన రక్తమే పెట్టేవారు. ఆమె కూడా నాలాగే తలసీమియాను మోస్తున్న మనిషి, ఆమె పట్టీ మీద రెండు చుక్కలూ లేవాలి. “ఇంకొకళ్ల ఇంటి కష్టాన్ని తెచ్చి నా బల్ల మీద కొలతకర్రగా పెట్టుకోలేనమ్మా. నాది నాకుందిగా,” అనేవారు. ఫ్రీజర్లో చిన్న చిన్న గొట్టాల్లో ఆమె డీఎన్ఏ ఉండేది. మూత మీద ఆమె పేరు కూడా ఉండదు, పచ్చ సిరాతో ఒక చుక్క ఉంటుంది.

ఊళ్లలో రక్తపరీక్షల క్యాంపులకు వెళ్లినప్పుడూ అదే వరస. ఒకసారి బూర్గంపాడు దాటి అడవి అంచున ఒక పల్లెకు వెళ్లాం. సికిల్ సెల్ చూడడానికి. మమ్మల్ని చూసి జనం ఇళ్లలోంచి రాలేదు. చివరికి ఒక ముసలామె బయటికొచ్చి, వాళ్ల భాషలో కాసేపు అరిచి, తర్వాత తెలుగులో అడిగింది. “మా నెత్తురు పట్నం తీసుకపోయి ఏం జేస్తరు మీరు? పోయినసారి తీసుకపోయినోళ్లు మళ్ల మొఖం సూపియ్యలె.”

మేడమ్ అరుగు మీద కూర్చుని, చెప్పులు విడిచి, ముందు తన వేలికే సూది గుచ్చుకున్నారు. గుచ్చుకుని అమ్మా అని గట్టిగా అరిచారు కూడా. ముసలామెకు నవ్వాగలేదు. “గింత పిరికిదానివి గీ పనికెట్ల వచ్చినవే?” అంది. ఆ తర్వాత మేడమ్ తన రవికె హుక్కులు చూపించి చెప్పారు. “ఇదిగో, ఈ పక్క హుక్కు, ఆ పక్క కన్ను. ఏ హుక్కుకి ఆ కన్ను పడితే రవికె సరిగ్గా నిలబడుద్ది. ఒక్క హుక్కు తప్పుడు కంట్లో పడితే ఏమైద్ది? ఒంటి మీద ఉంటుంది గానీ కొంచెం లాగితే ఊడొచ్చుద్ది. మేం చేసేది ఆ లాగి చూడడమే.” ముసలామె తన చెయ్యి చాపింది. నెల తిరగకముందే మేడమ్ జవాబులు పట్టుకుని మళ్లీ ఆ పల్లెకు వెళ్లారు. మొహం చూపించకపోవడం ఆమెకు నచ్చని విషయం.

ఆ క్యాంపు రోజు తిరుగు ప్రయాణంలో జీపులోనే తన సంగతి చెప్పారు, ఒక్కసారే. చదువుకునే రోజుల్లో క్లాసులో ఒకరి రక్తం ఒకరు పరీక్ష చేసుకుంటుంటే తనది బయటపడిందట. అప్పటికే బావతో పెళ్లి మాట అనుకున్నారు. ఆయన్ని కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమని అడిగారట. అంతే, రెండిళ్ల మధ్య మాటలు పోయాయి. మా పిల్లాడికి జబ్బు అంటగడతారా అని అటువాళ్లు గొడవ చేశారట. బావ పరీక్ష చేయించుకోలేదు. వేరే పెళ్లి చేసుకున్నారు. ఆయన పిల్లలు బాగున్నారు. “ఆయనకి ఉందో లేదో నాకు ఈరోజుకీ తెలీదు,” అన్నారు మేడమ్. “లేకపోయి కూడా ఉండొచ్చు. ఉత్తినే భయపడ్డానేమో.” అడవి మీద మబ్బు కమ్ముతోంది. ఎక్కడో ఉరిమింది. ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఖమ్మం వచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మాది తరతరాలుగా దూది ఏకే ఇల్లు. మా ఆయన నాకు మేనమామ కొడుకు. పరుపులు, బొంతలు కుట్టే దుకాణం మాది. ఒక చలికాలం కరెంటు పోయినప్పుడల్లా నీళ్ల తొట్టి చల్లారిపోయి పట్టీలు పాడవుతున్నాయని నేను ఇంట్లో చెబితే, ఆయన ల్యాబుకు వచ్చి, టేపుతో తొట్టి కొలతలు తీసుకుని, మంచి దూది పెట్టి దానికి ఒక బొంత కుట్టి తెచ్చారు. ఎర్ర పూల గుడ్డ. మేడమ్ సంబరపడిపోయారు. వచ్చిన ప్రతి డాక్టరుకీ చూపించి, “మా తొట్టికి స్వెట్టర్ కుట్టించాం,” అని చెప్పేవారు. ఆ చలికాలం తర్వాత అది తొట్టి మీదే ఉండిపోయింది. తీసేయాలని ఎవరికీ అనిపించలేదు.

ఆ ఎండాకాలం నేను రెండోసారి కడుపుతో ఉన్నాను. పెద్దదాని చేతుల మీద సూదుల మచ్చలు చూస్తూ, కడుపులో ఉన్నదాని గురించి ఆలోచిస్తూ, రోజంతా పని చేసేదాన్ని. చెడ్డ చుక్క ఒక్కటే వస్తే ఏం చెయ్యాలో మా ఆయనా నేనూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే నిజమవుతుందేమోనని. అత్త మాత్రం ఒకసారి అంది. “అల్లా ఇచ్చిండు. గట్లనే ఉండనీ అంటే ఉండనిస్త. వద్దంటే గూడ నేను నిన్నేమనను బిడ్డా. సూదులు గుచ్చేది నువ్వు సూస్తున్నవ్, నేను సూస్తున్న.” ఆ మాటతో నాకు ధైర్యం రాలేదు, ఇంకా భయం వేసింది. ఎటు వెళ్లినా ఆపేవాళ్లు లేరన్నమాట.

డాక్టరమ్మ తీసిన ముక్క మా ల్యాబుకే వచ్చింది. కట్టుబాటు ప్రకారం నేను బయటికి వచ్చేశాను. అప్పటిదాకా ఆ వరండా బల్ల మీద ఎంతమంది కూర్చోగా చూశానో, నేను ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే తెలిసింది, ఆ బల్ల గోడకు ఎంత దగ్గరగా ఉందో, లోపలి చప్పుళ్లన్నీ వీపుకు తగులుతాయని. సెంట్రిఫ్యూజ్ తిరగడం, మూత తీయడం, టైమర్ మోగడం. ఏ చప్పుడు తర్వాత ఏది వస్తుందో నాకు తెలుసు. తెలియనివాళ్లు అదృష్టవంతులు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, వరండా గచ్చు మీద కాలు పెట్టలేం. కాసేపటికి కరెంటు వచ్చింది. కడుగు నడుస్తోందని చప్పుడును బట్టి తెలుస్తోంది. మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు, కూర్చోమంటే కూర్చోలేదు.

రంగు పోసే టైమర్ మోగింది. చుక్క లేస్తే ఇక తలుపు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. తలుపుకున్న గాజు పలకలోంచి చూశాను. మేడమ్ కిటికీ దగ్గర నిలబడి, రెండు పట్టీలను రెండు చేతుల్లో వెలుగుకు పట్టుకుని చూస్తున్నారు. ఒకటి దించి, ఇంకొకటి ఎత్తి, మళ్లీ రెండూ ఎత్తి. మంచిదైతే అంతసేపు చూడరు. ఆమె కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకోవడం చూసి నేను గాజు నుంచి పక్కకు వచ్చేశాను.

ఆమె బయటికి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. జవాబు ఏదైనా సరే, నిలబడి చెప్పడం ఆమెకు ఇష్టం ఉండదు. ఎవరికైనా పక్కన కూర్చునే చెబుతారు. కాబట్టి కూర్చోవడాన్ని బట్టి నాకేమీ తెలియలేదు.

“అమ్మాయ్, ఇవాళ చెప్పను,” అన్నారు.

“ఒక్క చుక్కే వచ్చిందా మేడమ్?”

ఆమె అబద్ధం చెప్పలేదు. “ఒక్కటే వచ్చింది.”

“చెడ్డదా?”

“అవును. చెడ్డదే.”

మా ఆయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు. ఎవరో నా చేతిని గట్టిగా నొక్కుతున్నారు, మేడమే.

“నా మొహం వైపు చూడు. నా పట్టీ మీద కూడా ఒక్కటే వచ్చింది. విన్నావా? నా పట్టీ మీద కూడా చెడ్డ చుక్క ఒక్కటే. ఆ పట్టీ ప్రకారం నాకు పుట్టుకతో జబ్బు ఉండాలి, చిన్నప్పుడే చచ్చిపోయి ఉండాలి. పోయానా?” తన చెంప మీద తనే మెల్లగా కొట్టుకున్నారు. “ఉన్నానుగా. నీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నానుగా. అంటే పట్టీ అబద్ధం చెప్పింది. నాకు చెప్పింది కాబట్టి నీకూ చెప్పి ఉండొచ్చు.”

“మరి బిడ్డకు లేదా మేడమ్?” అన్నారు మా ఆయన కింది నుంచి.

“తెలీదు నాయనా. తెలియనిదాన్ని మంచిదీ అనొద్దు, చెడ్డదీ అనొద్దు. రేపు మళ్లీ చేస్తాను.”

తర్వాత లోపలికి తీసుకెళ్లి చూపించారు. కరెంటు పోయినప్పుడు గది కొలిమిలా అయిపోయింది. మామూలుగా అయితే తొట్టి పైనా పక్కలా గాలి తగిలి కాస్త చల్లబడుతుంది. చలికాలంలో వేడి పోకుండా కాపాడిన మా బొంతే, ఆ మిట్టమధ్యాహ్నం ఉన్న వేడినంతా పట్టి ఉంచింది. కరెంటు వచ్చాక, ఎప్పుడూ గీత కాస్త దాటాకే ఆగే మా పాత తొట్టి ఇంకా కాగింది. బొంత అంచు ముందుకు జారి అంకెల మీద పడింది. ఎవరూ చూడలేదు. నీళ్లు ఉండాల్సినదానికన్నా వేడిగా ఉంటే తప్పుడు జోడీలే కాదు, సరైన జోడీ కూడా చెయ్యి వదిలేస్తుంది. మా పట్టీల్లో మంచి చుక్క పట్టు కాస్త తక్కువ, ముందు పోయేది అదే. మా ఆయన బొంతను చేతుల్లోకి తీసుకుని, తనే ఎవరినో కొట్టినవాడిలా నిలబడ్డారు. “నేను కుట్టిందే గిట్ల జేసిందా మేడమ్?” అన్నారు. “నువ్వు బాగానే కుట్టావు. ఎండాకాలంలో స్వెట్టర్ విప్పాలని నాకు తెలియలేదు,” అన్నారామె.

బిడ్డ నమూనా ఇంకొక్కసారికే మిగిలింది. అది పాడైతే మళ్లీ సూది, మళ్లీ కడుపుకు ప్రమాదం. ఆ రాత్రి గురించి రాయను. చదివేవాళ్లలో ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు ఉంటే వాళ్లకు తెలుసు, లేనివాళ్లకు ఎంత రాసినా తెలియదు.

మర్నాడు ఎండ ఎక్కకముందే మేడమ్ వచ్చారు. ఆమె మొహం చూస్తే నాకంటే ఎక్కువ భయపడుతున్నట్టు ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గది తలుపు వేసుకునే ముందు నా వైపు రెండు చేతులూ చాపి చూపించారు. అవి వణకడం లేదు. లోపలి చప్పుళ్లన్నీ మళ్లీ ఒకదాని తర్వాత ఒకటి వీపుకు తగిలాయి. ఈసారి టైమర్ మోగాక తలుపు వెంటనే తెరుచుకుంది. ఆవిడ పరుగులాంటి నడకతో వచ్చి, కూర్చోవాలన్న తన అలవాటే మరిచిపోయి, నిలబడే చెప్పేశారు. “రెండూ! నావీ రెండు, దానివీ రెండు!” అని, అప్పుడు కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అంత గట్టిగా ఏడ్చే మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. నేనూ ఏడ్చాను. మా ఆయన టీ తెస్తానని వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు, వచ్చినప్పుడు చేతిలో టీ లేదు.

ఆ వారమే మేడమ్ కత్తెర తీసుకుని బొంతలో అంకెలు కనిపించేంత కిటికీ కత్తిరించారు. అంచులు మా ఆయన కుట్టి ఇచ్చారు. ఎండలు మొదలవగానే దాన్ని విప్పి బీరువాలో పెట్టడం అప్పటి నుంచి మా పద్ధతి. రెండోది ఇప్పుడు బడికి వెళ్తోంది. దానికి బల్లి అంటే భయం. మేడమ్ ఆ సంగతి విని ఎంత మురిసిపోయారో చెప్పలేను. పెద్దది రక్తం ఎక్కించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ఆమె ఫోను చేసేవారు. ఏం మాట్లాడేవారు కాదు, “అయిందా? ఇంటికి వచ్చారా?” అంతే. ఇంటికి వచ్చామని చెప్పాలి, అప్పుడు గానీ అన్నం తినేవారు కాదు. ఈసారి వెళ్లొచ్చాక ఫోను ఎవరు చేస్తారా అని ఇప్పుడే నాకు బెంగగా ఉంది.

మొన్న సత్తుపల్లి వెళ్లేముందు ల్యాబు తాళాలు నా చేతిలో పెట్టారు. ఒంట్లో నలతగా ఉందని, తమ్ముడింట్లో కొన్నాళ్లు ఉండొస్తానని అన్నారు. ఒక్కదాన్నే ట్రే నడపడం నాకు భయమని చెప్పాను. “మంచిదే. భయం లేకపోతే నీకు తాళాలు ఇచ్చేదాన్నే కాదు,” అన్నారు. ఫ్రీజర్ తెరిచి పచ్చ చుక్కల గొట్టాలు చూసి, “ఇంకా ఉన్నాయిలే,” అని మూశారు. అవి అయిపోతే ఏం చేయాలని అడగబోయి ఊరుకున్నాను. ఆమె ముందు ఆ మాట ఎత్తడం నావల్ల కాలేదు. జవాబు నాకు తెలిసిందే. ఆమెలాగే నావీ రెండు చుక్కలు.

ఇదీ ఆ కుర్చీలో కూర్చుని నేను గుర్తు చేసుకున్నది. కడుగు అయింది. తొట్టిలోంచి ట్రే తీశాను. తలుపు కొంచెం తెరిచి జూలూరుపాడు అమ్మాయి తల లోపలికి పెట్టింది. “అక్కా, ఇంకెంత సేపైతది? నాకు కడుపుల తిప్పుతాంది.”

“ఇంకొంచెం సేపే తల్లీ. కూసో. నేనే వచ్చి చెప్త,” అన్నాను.

“ఏడుస్తున్నవా అక్కా?” అంది భయంగా. నా మొహంలో తన జవాబు చూసుకుంటోందని అర్థమైంది.

“నీ కోసం కాదమ్మా. మా మేడమ్ పోయిండ్రు ఇయ్యాల.”

ఆ అమ్మాయి తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. నేను మొహం తుడుచుకుని, గ్లౌజులు మార్చుకుని, రంగు పోశాను. ఆమె పోయిన రోజున ఆమె పట్టీ తప్పితే నేనేమైపోవాలి? చేతుల వైపు చూసుకున్నాను. వాటికి ఇంకా కబురు అందినట్టు లేదు. తొందరపడి చూడకూడదని వెనక్కి జరిగి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను. టైమర్ మోగాక తిరిగాను.

మొదటి పట్టీ మీద మంచి చుక్క లేచింది. పక్కనే రెండోది లేచింది. రెండూ ఒకేలా ముదురు నీలం. ఇక మిగతా పట్టీలను నమ్మవచ్చు. ఆ అమ్మాయి పట్టీ మీద ఏం వచ్చిందో ఇక్కడ రాయను, అది వాళ్లింటి మాట. చూశాను, రిపోర్టుల మీద సంతకం చేసే మా డాక్టరు గారికి చూపించి ఖాయం చేసుకున్నాను, ఇక బయటికి వెళ్లి ఆమె పక్కన కూర్చోవాలి.

వెళ్లే ముందు తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. కిటికీ పక్కన తెల్ల కాగితం మీద మొదటి పట్టీ ఆరుతోంది. వెలుగులో రెండు నీలం చుక్కలు. ఆ పట్టీ ప్రకారం మేడమ్ బాగానే ఉన్నారు.